బాగుండావా అంటే బాగుండాననే అంటాం

మా అక్కకు రెండో కాన్పు అయి నలభై రోజులు దాటినాక ఆసుపత్రికి తోడు నేనే పోయాను. పాప బరువు చూశారు, సూదులు వేశారు, అక్కకు రక్తం ఎంతుందో చూశారు. చివర్లో నర్సమ్మ రిజిస్టరులో ఏదో రాసుకుంటూ, తల ఎత్తకుండానే, "మనసెల్లాం నల్లా ఇరుక్కామా?" అని అడిగింది. అక్క "నల్లా ఇరుక్కు" అంది. ఆ గడిలో టిక్కు పడింది. మేం బస్సెక్కి పాలకోడు వచ్చేశాం.

ఆ రాత్రి నేను అక్క పక్కనే పడుకున్నాను. మెలకువ వచ్చినప్పుడల్లా అక్క కూర్చొనే ఉంది. పాప ముక్కు కింద వేలు పెట్టి ఊపిరి ఆడుతోందా అని చూస్తోంది. ఒకసారి కాదు, రెండుసార్లు కాదు. తెల్లవారేదాకా అదే పని. అక్క ఏడవడం లేదు. అన్నం తింటోంది, పాలిస్తోంది, వచ్చినవాళ్ళతో నవ్వుతూ మాట్లాడుతోంది. అందుకే ఇంట్లో ఎవరికీ ఏమీ అనిపించలేదు. అమ్మను అడిగితే "పచ్చి బాలింతరాలు, అట్లనే ఉంటాది లే" అంది.

ఇది ఆ నర్సమ్మ మీద ఫిర్యాదు కాదు. ఆమె ముందు ఆ పొద్దు వరుస గేటు దాకా ఉంది. నా మాటంతా ఆ ప్రశ్న గురించి. ఏ భాషలో అడిగారు, ఏ మాటతో అడిగారు, ఎవరి ముందర అడిగారు అనేదాని గురించి. అక్క ఒప్పుకున్న తరువాతే ఇది రాస్తున్నాను. పేరు మాత్రం వద్దంది.

అనువాదం పేపరు కోసం అంశం వెతుకుతుండగా నాకు ఒక సంగతి తెలిసింది. కథలు, కవితలే కాదు, ప్రశ్నల పట్టికలను కూడా ఒక భాష నుంచి ఇంకో భాషకు మారుస్తారట. అది ఎంత కష్టమో చదివాక, మనం తరగతిలో పద్యాన్ని అనువదించలేక పడే బాధ చిన్నదే అనిపించింది.

బాలింతల మనసును కొలవడానికి ప్రపంచంలో ఎక్కువమంది వాడే పట్టిక 1987లో స్కాట్లండులో పుట్టింది. జాన్ కాక్స్, జెని హోల్డెన్, రూత్ సగోవ్‌స్కీ అనే ముగ్గురు తయారు చేశారు. ఎడింబరో పేరుతో పిలుస్తారు. పది ప్రశ్నలు. గడిచిన ఏడు రోజుల్లో ఎట్లా ఉన్నావు అని అడుగుతుంది. ఒక్కో ప్రశ్నకు నాలుగు జవాబులు, సున్నా నుంచి మూడు దాకా మార్కులు, మొత్తం 30. మార్కులు ఎక్కువ వస్తే మంచిది కాని పరీక్ష ఇదొక్కటే కాబోలు. ఆ పదిలో భయం, కంగారు, ఊరికే తనను తాను తప్పు పట్టుకోవడం గురించి మూడు ప్రశ్నలే ఉన్నాయి. మిగిలినవన్నీ నవ్వు, ఏడుపు, నిద్ర, విచారం. అంటే మా అక్క లాంటి మనిషి, ఏడవకుండా రాత్రంతా పాప ఊపిరి లెక్కపెట్టే మనిషి, ఆ జల్లెడలోంచి జారిపోవచ్చు.

ఇది గమనించే 2016లో ఇంగ్లండులోని లివర్‌పూల్ విశ్వవిద్యాలయంలో విక్టోరియా ఫాలన్, ఆమె తోటివాళ్ళు బాలింతల భయాలకే వేరుగా 51 ప్రశ్నల పట్టిక తెచ్చారు. బిడ్డ పుట్టిన మొదటి ఆరు నెలల తల్లుల కోసం. బిడ్డకు ఏమైనా అవుతుందేమోనన్న భయం, నేను సరిగ్గా పెంచడం లేదేమోనన్న భయం, పాలు, నిద్ర వంటి రోజువారీ పనుల భయం, తన ఒళ్ళు, డబ్బు, మొగుడితో సంబంధం మారిపోయాయన్న భయం, వీటన్నిటినీ అడుగుతుంది. దానిని ఇరాన్‌లో పారసీ మాట్లాడే తల్లుల కోసం మార్చారు. నా అసలు కథ ఇక్కడ మొదలవుతుంది.

మార్చడం అంటే ఇంగ్లీషు పక్కన పారసీ రాసేయడం కాదు. మామూలుగా ఈ పని చేసే పద్ధతి ఇది. ముందు ఇద్దరు విడివిడిగా అనువదిస్తారు. రెండిటినీ కలిపి ఒకటి చేస్తారు. అసలు పట్టికను చూడనివాళ్ళు దానిని తిరిగి ఇంగ్లీషులోకి మారుస్తారు. పోయిన మాట పోయినట్టే తిరిగి వచ్చిందా అని పోల్చి చూస్తారు. తరువాత కొందరు తల్లులను కూర్చోబెట్టి "ఈ ప్రశ్న వింటే నీకు ఏమి అర్థమయింది?" అని అడుగుతారు. వందలమంది చేత జవాబులు చెప్పించి, ప్రశ్నలన్నీ ఒకే దారిలో నడుస్తున్నాయా అని లెక్క కడతారు. కొన్నాళ్ళకు అదే తల్లిని మళ్ళీ అడిగి చూస్తారు. ఇంత చేస్తేగానీ ఆ పట్టికను నమ్మరు. మనం అయితే గూగుల్లో పెట్టి అచ్చు వేయించేవాళ్ళం!

పారసీలో దిల్‌షూరే అని ఒక మాట ఉంది. దిల్ అంటే గుండె అని మనకు హిందీ పాటల నుంచి తెలుసు. వాళ్ళకు కడుపు కూడా దిల్లే. ఏదో కీడు జరగబోతుందని లోపల కలవరంగా ఉంటే దిల్‌షూరే అంటారు. డాక్టర్ల పుస్తకంలో ఉండే మాట వేరు, అది ఇజ్తెరాబ్. అమ్మతో చెప్పుకునే మాట వేరు. ఏ మాటతో అడిగితే ఏ జవాబు వస్తుంది అన్నదే మొత్తం కిటుకు.

ఇంకొకటి. పారసీ ఇరాన్‌లోనే లేదు. ఆఫ్ఘనిస్తాన్‌లో దరీ, తజికిస్తాన్‌లో తజిక్ అనే పేర్లతో అదే భాష నడుస్తుంది. ఇరాన్‌లో కూడా అందరి ఇంటి భాషా పారసీ కాదు. తబ్రీజ్ నగరంలో ఇంట్లో అజర్‌బైజానీ మాట్లాడి, బడిలో పారసీ చదువుకుంటారు. ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. తబ్రీజ్ ఎక్కడో లేదు, మా వీధిలోనే ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఆసుపత్రిలో తమిళం, బ్యాంకులో తమిళం. "మీకు తమిళం బాగానే వచ్చు కదా, ఇంకేమి?" అంటారు. వచ్చు. పరీక్ష రాసేంత వచ్చు, పోట్లాడేంత వచ్చు. అర్ధరాత్రి మనసులో మెదిలేది మాత్రం ఆ భాషలో కాదు.

సరే, తెలుగులో అడుగుదాం. ఏ తెలుగులో?

మన పాఠ్యపుస్తకాల తెలుగులో దీనికి మాట "ఆందోళన". మా అవ్వను "అవ్వా, ఆందోళన అంటే ఏమి?" అని అడిగాను. "బస్సులు నిలిపేస్తారు చూడు, అది" అంది. పేపరు చదివే ఎవరిని అడిగినా అంతే. ఆందోళన అంటే ధర్నా, రాస్తారోకో. "గత వారంలో మీరు ఎంత తరచుగా ఆందోళన చెందారు?" అని మా ఊళ్ళో బాలింతను అడిగితే "నేను ఇల్లు దాటలేదు సామీ" అంటుంది. తమిళంలోనూ ఇదే తంటా. "పదట్టం" అంటే గుండెలో ఉండేదీ అదే, ఊళ్ళో గొడవ జరిగితే టీవీలో చెప్పేదీ అదే.

అందుకని నేను మా వీధిలో పిల్లలు కన్న ఆడవాళ్ళను కొందరిని, కొత్తవాళ్ళను, ముసలివాళ్ళను, అడిగి చూశాను. "పిల్ల పుట్టిన కొత్తల్లో లోపల ఎట్లుండె?" అని మాత్రమే అడిగాను. వచ్చిన మాటలు ఇవి. గుబులు. బెంగ. దిగులు. దడ. గాబరా. "మనుసు ఒక తావ నిలవదు." "కడుపులో చెయ్యి పెట్టి కలిపినట్టు." "ఎవురో వెనకాల నిలబడినట్టు." చిన్నవాళ్ళందరూ ఒకే మాట, టెన్షన్.

వీటిలో ఏ రెండూ ఒకటి కావు. బెంగ దూరమైనదాని కోసం. పుట్టింటి మీద బెంగ, వదిలి వచ్చిన పెద్ద పిల్ల మీద బెంగ. దిగులు జరిగిపోయినదాని బరువు. గుబులు మాత్రం జరగనిదాని గురించి, ముందు ఉన్నదాని గురించి. దడ ఒంట్లో ఉంటుంది, చెయ్యి పెడితే తెలుస్తుంది. లివర్‌పూల్ వాళ్ళు 51 ప్రశ్నలతో పట్టుకోవాలని చూసింది గుబులును అని నా అభిప్రాయం. దానికి "విచారంగా ఉన్నారా" అని అనువాదం చేస్తే బెంగో దిగులో దొరుకుతుంది, గుబులు దొరకదు. మా అక్కకు దిగులు లేదు. ఉన్నదంతా గుబులే. టెన్షన్‌ను కూడా నేను తీసిపారేయను. బస్సు తప్పిపోయినా టెన్షనే, బిడ్డకు జ్వరమొచ్చినా టెన్షనే కాబట్టి అది ఒక్కటే చాలదు. కానీ ఇరవై ఏళ్ళ తల్లి నోట్లో ఉన్న మాట అదే అయితే దానిని ఉంచాల్సిందే. శుద్ధమైన తెలుగు కోసం బాలింతను బలిపెట్టలేం.

ఇంకో మాట వచ్చింది, "బేజారు". "నాలుగు నెలలు శానా బేజారుగా ఉండె" అంది మా పక్కింటి వదిన. మన మొరసునాటి వైపు కన్నడం గాలికి ఈ మాట బాగా నడుస్తుంది. ఊరికే నిఘంటువు తీసి చూస్తే అది పారసీ మాట! అక్కడ దానికి విసిగిపోవడం, ఏవగింపు అని అర్థం. ఇరాన్ తల్లి నోట్లోని మాట ఎన్ని రాజ్యాలు దాటి వచ్చిందో, ధర్మపురి జిల్లాలో ఒక బాలింత నోట్లో ఉంది. అర్థం మాత్రం దారిలో కొంచెం జరిగింది. అక్కడిది ఇక్కడ అట్లే పెడితే తప్పవుతుంది అనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

జవాబుల దగ్గర కూడా చిక్కు ఉంది. ఈ పట్టికలన్నీ జవాబును నాలుగు మెట్లుగా అడుగుతాయి. ఎన్నడూ లేదు, అప్పుడప్పుడు, తరచుగా, దాదాపు ఎప్పుడూ. "తరచుగా" అనే మాటను మీ ఇంట్లో ఎవరైనా వాడగా విన్నారా? మా ఇంట్లో "ఒక్కొక్కతూరి", "శానాతూర్లు", "మాటిమాటికీ". అసలు మనవాళ్ళు మెట్ల మీద జవాబు చెప్పరు. "ఉంటాది లే" అంటారు. అది రెండో మెట్టా, మూడో మెట్టా?

ఎడింబరో పట్టికలో ఆరో ప్రశ్న ఇంగ్లీషు పలుకుబడి. మాటకు మాట వేస్తే "వస్తువులు నా మీదికి ఎక్కుతున్నాయి" అని వస్తుంది. అర్థం ఏమంటే చేతిలో పని సంభాళించుకోలేకపోతున్నాను అని. ఇది నవ్వుకోవడానికి బాగుంది. పదో ప్రశ్న నవ్వుకోవడానికి లేదు. తనకు తాను హాని చేసుకోవాలనే తలపు వచ్చిందా అని అడుగుతుంది. మన ఇళ్ళలో పాలు పొంగిపోయినా "సచ్చిపోతే బాగుండు" అనేస్తాం. ఆ మాటను అట్లే రాసుకుంటే ఊరంతా ప్రమాదంలో ఉన్నట్టు లెక్క వస్తుంది. ఊరికే అనే మాటే కదా అని వదిలేస్తే, నిజంగా అన్న ఒక్క మనిషి పోతుంది. నన్నడిగితే ఆ ప్రశ్నను కాగితం మీద అడగకూడదు. తలుపు దగ్గరికి వేసి, అత్తగారిని టీ తాగి రమ్మని పంపి, ఒక మనిషి ఇంకో మనిషిని అడగాలి. ఆ మాట అన్న బాలింత మీ ఇంట్లో ఉంటే 14416కి ఫోన్ చేయవచ్చు, అది టెలి మానస్, 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. తెలుగులో కూడా మాట్లాడవచ్చు.

మాట మారితే అంకె కూడా మారుతుంది. ఎడింబరో పట్టికను తయారు చేసినవాళ్ళు 12కు, 13కు మధ్య గీత గీశారు. 12 దాటితే జాగ్రత్తగా చూడాలి అని. దానిని తమిళంలోకి మార్చి వేలూరు వైపు పల్లెటూరి తల్లులను అడిగి 2005లో అచ్చు వేసినవాళ్ళకు ఆ గీత 8కి, 9కి మధ్య సరిపోయింది. పది మార్కులు వచ్చిన తల్లి అక్కడ గీతకు ఇవతల, ఇక్కడ గీతకు అవతల. మన తెలుగు తల్లి గీత ఎక్కడ? అరువు తెచ్చుకున్న అంకెతో ఆమెను ఇంటికి పంపిస్తే, "బాగుండావు పో" అని చెప్పినట్టే.

అదే వేలూరు దగ్గర కణియంబాడి ప్రాంతంలో చేసిన ఇంకో పరిశోధన 2002లో వచ్చింది. కాన్పు తరువాత నూటికి పదకొండు మందికి కొత్తగా కుంగుబాటు వచ్చిందని అందులో తేలింది. కారణాలలో పేదరికం, అత్తతో పొత్తు కుదరకపోవడం, చేతిసాయం లేకపోవడంతో పాటు, కొడుకు కావాలనుకుంటే కూతురు పుట్టడం ఉంది. మన జిల్లాకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. 1992లో సేలంలో పెట్టిన తొట్టిల్ కుళందై పథకాన్ని 2001లో ధర్మపురికి కూడా తెచ్చారంటే ఎందుకు తెచ్చారో మన అమ్మల తరానికి తెలుసు. ఆడపిల్లను చంపకుండా ఉయ్యాల్లో వదిలిపెట్టి పొమ్మని ప్రభుత్వమే చెప్పాల్సి వచ్చిన చోటు ఇది. కాబట్టి మన పట్టికలో లివర్‌పూల్లో అక్కర పడని ప్రశ్న ఒకటి ఉండాలి. "పాప పుట్టిందని తెలిసినప్పుడు ఇంట్లో ఎవరు ఏమన్నారు?" అక్కకు రెండోది కూడా ఆడపిల్లే. బావ తల్లి ఒక్క చెడ్డ మాట అనలేదు. ఏ మాటా అనలేదు. మూడు రోజులు.

"మా కాలంలో ఇవన్నీ ఉండెనా? పదిమందిని కన్నాం" అనేవాళ్ళు ఉంటారు. మా అవ్వే అంటుంది. ఉండెను, అవ్వా. దానికి మీరు దిష్టి అన్నారు, గాలి అన్నారు, బాలింత వాతం అన్నారు, తలకు గుడ్డ కట్టి మిరియాల చారు పోశారు. కొందరికి తగ్గింది. తగ్గనివాళ్ళ కథలు మనకు సగం సగమే చెప్తారు, "పాపం, బాయిలో..." అని ఆపేస్తారు.

అసలు అక్క నోరు విప్పింది కూడా ఒక అవ్వ వల్లనే. ఎదురింటి అవ్వ పాపకు నీళ్ళు పోయడానికి వచ్చేది. ఒకరోజు కాళ్ళ మీద పాపను వేసుకొని నూనె రుద్దుతూ, "పాప నిద్రపోయినంక నీకు నిద్ర పడ్తాదా మే?" అని అడిగింది. అక్క చాలాసేపు పలకలేదు. "లేదవ్వా. కండ్లు మూస్తే ఊపిరి నిలిచిపోతాదేమో అని" అంది. "ఎవురిది?" "పాపది." అంతే, ఏడుపు మొదలయింది. డాక్టర్లు కూడా ఈ ప్రశ్నే అడుగుతారని నాకు తరువాత తెలిసింది. బిడ్డ నిద్రపోయేటప్పుడు తల్లికి కూడా నిద్ర వస్తోందా, లేదా. అవ్వకు ఏ పట్టికా తెలియదు.

తరువాత మనసు డాక్టరమ్మ దగ్గరికి పోయాం. ఆమె తమిళంలో అడుగుతోంది, అక్క తెలుగులో చెబుతోంది, మధ్యలో నేను. "గుబులుగా ఉంటాది" అంది అక్క. నేను "బయమా ఇరుక్కు" అన్నాను. అక్క తల అడ్డంగా ఊపింది, "బయం కాదు మే" అని. మూడేళ్ళు తెలుగు చదివిన నాకు ఆ ఒక్క మాటను దాటించడం చేతకాలేదు. డాక్టరమ్మ ఓపిక గలది, ఇంకో అరగంట కూర్చోబెట్టుకుంది. అక్క ఇప్పుడు తేరుకుంది, రాత్రిళ్ళు నిద్రపోతోంది. ఆ పొద్దు నేను పడిన సిగ్గు మాత్రం నాకు ఇంకా ఉంది.

నేను చెప్పే తరువాతి మాటకు మేడం వాళ్ళు కోప్పడకూడదు. మన తెలుగు పట్టికను తమిళ లిపిలో కూడా అచ్చు వేయాలి. 2006 తమిళం చట్టం తరువాత బడికి పోయిన మన ఆడపిల్లలలో తెలుగు మాట్లాడేవాళ్ళు ఎందరో, చదవగలిగినవాళ్ళు కొందరే. అక్కకు తెలుగు అక్షరాలు రావు. ఈ గోడపత్రికను కూడా నేనే చదివి వినిపించాలి. లిపి కోసం పోరాటం వేరే, అందులో నేను ముందుంటాను. కానీ బాలింత చేతిలో పెట్టే కాగితం మన అభిమానం కోసం కాదు, ఆమె కోసం. తమిళ లిపిలో క, గ ఒకటే అక్షరం కాబట్టి గుబులు అక్కడ కుపులు అయిపోతుంది, అది నిజమే. అందుకే చదివి వినిపించే మనిషి ఉంటే అన్నిటికన్నా మేలు. ఇల్లిల్లూ తిరిగే ఊరి నర్సమ్మకు పది తెలుగు మాటలు నేర్పించడం అంత పెద్ద పనేమీ కాదు.

పట్టిక తయారు చేయడం మన చేతిలో పని కాదు. దానికి వైద్యులు, లెక్కలు తెలిసినవాళ్ళు, అనుమతులు కావాలి. వాళ్ళు వచ్చి "మీ తెలుగులో దీనిని ఏమంటారు?" అని అడిగే రోజుకు మన దగ్గర జవాబు ఉండాలి. నిఘంటువులో ఉండే ఆందోళన కాదు, పాలకోడులో ఏమంటారు, పెన్నాగరంలో ఏమంటారు, హోసూరు నుంచి వచ్చే అమ్మాయిల ఇళ్ళలో ఏమంటారు. ఇది మన శాఖ తప్ప ఇంకే శాఖా చేయలేని పని.

ఈ పత్రిక కింద మేకుకు ఒక నోటుబుక్కు వేలాడదీశాను. సెలవుల్లో ఊరికి పోయినప్పుడు మీ అమ్మను, అవ్వను, వదినను అడగండి. ఒక్కదాన్నే ఉన్నప్పుడు అడగండి. ఆమె చెప్పిన మాటను చెప్పినట్టే రాయండి, దిద్దకండి. ఊరి పేరు రాయండి, మనిషి పేరు రాయవద్దు. మొదటి పేజీలో "గుబులు, పాలకోడు" అని నేను రాశాను. పెన్సిలు దారంతో కట్టి ఉంది, దయచేసి ఎత్తుకొని పోకండి.